అనవసర ప్యాకేజీల కమిటీ

అందె సోమలింగం పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. చూపుడువేలు గాల్లో ఉంది. ఆ వేలు జానెడు కిందికి దిగి ఒక్క మీట నొక్కితే పని అయిపోతుంది. దిగడం లేదు.

వంటింటి గడప దగ్గర నిలబడి నాంచారమ్మ చూసిచూసి విసిగిపోయింది.

"ఆ వేలు ఆరేశావా ఏందయ్యా?"

"నొక్కితే సర్కారు సొత్తు పోద్దే."

"నొక్కకపోతే?"

"మన పని పోద్ది."

"మరింకేం, నొక్కు."

"నీదేం పోయింది, అంటావు. నోటీసు వచ్చేది నా పేరున" అన్నాడు సోమలింగం, వేలు దించకుండానే, నొక్కకుండానే.

సోమలింగం కొత్తరేవుపాలెంలో చీరల అంచులకు బొమ్మలు గీసే మనిషి. జాకార్డు మగ్గం మీద పువ్వు దిగాలన్నా పిట్ట వాలాలన్నా ముందు గళ్ళ కాగితం మీద ఆ బొమ్మ పడాలి. దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొట్టాలి. ఆ అట్టలు మగ్గం నెత్తికెక్కాలి. అప్పటిదాకా నేసేవాడు ఎంత పనివాడైనా పడుగు ముందు కూర్చుని బీడీ కాల్చుకోవలసిందే. వీధివీధంతా సోమలింగం గీత కోసం కాచుకుని ఉంటుంది. వయసు మీదపడి గళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనబడుతున్న రోజుల్లో చేనేత శాఖవారు ఒక పథకం పెట్టి ఆయన ఇంటికి కంప్యూటర్ పంపించారు. అందులో 'అంచుశిల్పి' అని బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉంది. అది ఆవగింజంత గడిని అప్పడమంత చేసి చూపిస్తుంది. సోమలింగానికి పోయిన కళ్ళు తిరిగొచ్చినట్టయింది.

ఆ ఏడు శాఖలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే గాలి వీస్తోంది. డబ్బిచ్చి కొనేది బానిసత్వం, ఊరికే వచ్చేది స్వేచ్ఛ. "నేత కార్మికుడు ఇక మీదట సాఫ్ట్‌వేర్ బానిసగా మిగలరాదు" అని పంపిణీ సభలో పెద్దవారు గర్జిస్తే, తాము అంతవరకూ బానిసలమని తెలియని నేతగాళ్ళు కూడా గట్టిగానే చప్పట్లు కొట్టారు.

సరే, స్వేచ్ఛ ఇళ్ళకొచ్చింది. కానీ ఊరికే వచ్చినదైనా సర్కారు చేతుల మీదుగా వచ్చింది గనక అది సర్కారు సొత్తయింది. సర్కారు సొత్తు గనక స్టాకు రిజిస్టర్లోకి ఎక్కింది. కుర్చీ, బల్ల, పంకా వరుసలోనే కంప్యూటర్లో ఉన్న ప్రతి ప్యాకేజీ పేరూ రాసి, ఎదురుగా సోమలింగం చేత సంతకం పెట్టించారు. పెట్టేసరికి ఆయన చెయ్యి వాచింది.

ప్యాకేజీ అంటే పెద్ద విషయమేం కాదు. కంప్యూటర్లో ప్యాకేజీ మేనేజర్ అని ఒకటుంటుంది. ఫలానాది కావాలని చెబితే ఎక్కడో ఉన్న గిడ్డంగి నుంచి అది తెచ్చి అమర్చుతుంది. తెచ్చేటప్పుడు అడిగినదాన్ని ఒంటరిగా తేదు. పెళ్ళికొడుకును పిలిస్తే తోడుపెళ్ళికొడుకు, మేనమామలు, వాళ్ళ చుట్టాలు దిగినట్టు, దానికి కావలసిన చిన్నా చితకా ప్యాకేజీలన్నీ వెంట దిగుతాయి. కొన్నాళ్ళకి వాటిలో కొన్నిటితో పని తీరిపోతుంది. అయినా విడిదింట్లోనే ఉండిపోతాయి. అప్పుడు ఆ మేనేజరే మర్యాదగా అడుగుతుంది: "వీటి అవసరం ఇక లేదు. తీసేయమంటారా?" అవునంటే ఎంటర్, కాదంటే ఎస్కేప్.

నిన్న అంచుశిల్పికి కొత్త హంగులు దిగుతుండగా మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక చూస్తే అంచుశిల్పి తెరుచుకోలేదు. ప్యాకేజీ మేనేజర్ మాత్రం తెర మీద అదే ప్రశ్న పెట్టుకుని కూర్చుంది. పాత ప్యాకేజీలు నాలుగైదు అడ్డంగా ఉన్నాయి, తీసేస్తే మిగతాది తానే సర్దుకుంటానంది. ఎస్కేప్ నొక్కి చూస్తే కాసేపు పోయి మళ్ళీ అదే ప్రశ్నతో వచ్చింది.

ఎంటర్ నొక్కడానికి సోమలింగానికి గుండె చాలలేదు. కారణం పక్కూరి పరంజ్యోతి. ఆయనా డిజైనరే. పోయినేడు ఇదే ప్రశ్న వస్తే టక్కున నొక్కేశాడు. సర్కారు సొత్తు నాశనం చేసినందుకు దాని విలువ కట్టమని నోటీసు వచ్చింది. విలువ సున్నా. పరంజ్యోతి సున్నా కట్టడానికి సిద్ధమే. ఏ బ్యాంకూ సున్నాకి చలానా రాయదు. కట్టలేదు గనక మొండి బకాయిదార్లలో పేరెక్కింది. ఇప్పుడు బొమ్మలు మానేసి ఆఫీసు మెట్లు అరగదీస్తున్నాడు.

ఇంతలో చేనేత సంఘం ప్రెసిడెంటు గోవర్ధనం చెప్పులు విడవకుండానే లోపలికొచ్చాడు.

"మావా, ఏమైంది పొలుసు అంచు? పట్నం షాపాయన ఫోన్ మీద ఫోన్. శ్రావణం చీరలు మావా! పౌర్ణమి నాటికి అట్టలు మగ్గాలెక్కకపోతే ఆర్డరు మరమగ్గాలోళ్ళకి ఇచ్చేస్తానంటున్నాడు. వీధిలో అందరూ పడుగులెక్కించి చేతులు ముడుచుక్కూర్చున్నారు."

కొర్రమీను పొలుసులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే అంచు అది. దాదాపు అయిపోయింది. కొంగు మలుపు ఒక్కటే మిగిలింది. కానీ ఆ బొమ్మ కంప్యూటర్ లోపలుంది. తెరిచే అంచుశిల్పి మూతపడి ఉంది.

"మీ మావని అడగబాకయ్యా, ఆ వేలుని అడుగు" అంది నాంచారమ్మ.

సోమలింగం ఇక లాభం లేదని సహాయ కేంద్రానికి ఫోన్ చేశాడు. చాలాసేపు సన్నాయి మోగాక ఒకమ్మాయి పలికింది.

"నమస్కారం సార్. మీ సమస్య తెలియజేయండి."

తెలియజేశాడు.

"అంతేనా సార్! ఎంటర్ నొక్కండి. ఆ పాతవి పోతాయి, అంచుశిల్పి లేచి కూర్చుంటుంది. నొక్కారా?"

"నొక్కుతున్నానమ్మా..."

"ఒక్క నిమిషం సార్. మీది సొంత కంప్యూటరా, పథకం కంప్యూటరా?"

"పథకందే తల్లీ."

అవతల కుర్చీ కిర్రుమంది. "నొక్కకండి సార్! వేలు తీశారా? తీసి కొంచెం దూరంగా జరగండి."

సోమలింగం జరిగాడు. గోవర్ధనం కూడా జరిగాడు.

"ఇప్పుడే నొక్కమన్నావు గదమ్మా?"

"సొంతదైతే నొక్కాలి, పథకందైతే నొక్కకూడదు సార్."

"రెండిటి జబ్బూ ఒకటేగా?"

"జబ్బు ఒకటే సార్. రోగి హోదా వేరు" అని ఆ అమ్మాయి, ఫిర్యాదును పై స్థాయికి బదిలీ చేసినట్టు సంతోషంగా చెప్పి పెట్టేసింది.

పై స్థాయి మర్నాడే దిగింది. ఆయన పేరు పట్టాభి, స్టోర్సు సూపరింటెండెంటు. సంచిలో లక్క, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర, గుడ్డపీలికలు తెచ్చుకున్నాడు. సాఫ్ట్‌వేర్ బాగుచేసే మనిషి ఇవన్నీ ఎందుకు తెచ్చాడా అని సోమలింగం చూస్తుండగానే, ఎంటర్ మీట మీద గుడ్డపీలిక కప్పి, లక్క కరిగించి పోసి, ముద్ర అద్దాడు.

"అయ్యో, అదేంది సార్!"

"సర్కారు సొత్తు ప్రమాదంలో ఉన్నప్పుడు ప్రమాద స్థలాన్ని సీలు చేయాలి. ప్రమాదం ఈ మీట దగ్గరుంది. మిగతా మీటలన్నీ నిరభ్యంతరంగా వాడుకోవచ్చు."

"ఎంటర్ లేకుండా ఏం చేసుకోను సార్?"

"ఎస్కేప్ ఉంది గదా. అవుననడానికే అనుమతి కావాలి. కాదనడానికి మా శాఖలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ వెసులుబాటు మొదట్నుంచీ ఉంది."

"పోనీ సార్, నా బొమ్మ ఒక్కటి పెన్‌డ్రైవ్‌లో తీసుకుంటా. ఇంకెక్కడైనా పూర్తి చేసుకుంటా."

పట్టాభి నొచ్చుకున్నాడు. "సీలు పడ్డ యంత్రంలోంచి గింజ కూడా బయటికి పోరాదు."

"గింజ కాదు సార్, మా ఆయన గీసిన బొమ్మ" అంది నాంచారమ్మ.

"పోయేది ఏదైనా సరుకేనమ్మా. ఉప్మాలో జీడిపప్పు వేశారా? బాగుంది."

పట్టాభి వెళ్ళి రాసిన నివేదిక మీద, సదరు ప్యాకేజీల అవసరం నిజంగా లేదో, లేనట్టు నటిస్తున్నాయో తేల్చడానికి తాత్కాలిక ప్రాతిపదికన ఒక కమిటీ ఏర్పడింది. దానికి అధ్యక్షుడు డిప్యూటీ డైరెక్టర్ త్రివిక్రమరావు. పట్టాభి సభ్య కార్యదర్శి. మిగతా సభ్యులు దారిలో భోజనానికి ఆగి, రాలేదు.

త్రివిక్రమరావు జీపు దిగుతూనే అరుగు మీద కుర్చీ వేయించుకుని అన్నాడు.

"సదరు వస్తువులను భౌతికంగా ప్రవేశపెట్టండి."

"అవి కంటికి కనబడవు సార్" అన్నాడు సోమలింగం.

"కనబడని వస్తువుకు మీరు సంతకం ఎలా చేశారు?"

సోమలింగం తన చెయ్యి వంక చూసుకున్నాడు. ఎలా చేశాడో, ఆ మాటకొస్తే, పెట్టించినవాళ్ళకీ తెలియదు. పట్టాభి అనుభవజ్ఞుడు గనక దారి చూపించాడు. ఒక్కో ప్యాకేజీకి ప్రతినిధిగా ఒక్కో చీటీ రాసి, వాకిట్లో పట్టా పరిచి, వాటిని వరుసగా పేర్చాడు. త్రివిక్రమరావు చేతులు వెనక్కి కట్టుకుని పెరేడ్ తనిఖీ చేసినట్టు ఆ చివర నుంచి ఈ చివరికి నడిచాడు. అంతా సవ్యంగా జరుగుతున్న సమయంలో ఎదురింటి మేక వచ్చి ఒక చీటీని నమిలి మింగింది.

"నష్టం నమోదు చేయండి" అన్నాడు త్రివిక్రమరావు.

"చీటీ ఇంకోటి రాసుకుంటే పోలా?" అంది నాంచారమ్మ.

"నకలు జారీ చేయాలంటే అసలు పోయినట్టు పోలీసు ధ్రువీకరణ కావాలమ్మా."

మేకని స్తంభానికి కట్టేశారు. ఎదురింటావిడ వచ్చి, "మా మేక ఏం తిందయ్యా?" అని అడిగితే పట్టాభి జాబితాలో పోయిన ప్యాకేజీ పేరు చూసి, "అక్షరాలను అందంగా చూపించు ఉప గ్రంథాలయం" అన్నాడు. ఆవిడ గుండె బాదుకుంది. మేక గ్రంథాలయం తిందన్న కబురు వీధి చివరికి చేరేసరికి సంఘం లైబ్రరీకి తాళం వేసుకొచ్చారు.

తర్వాత విచారణ మొదలైంది.

"ఇవి అవసరం లేదని ఎవరన్నారు?"

"యంత్రం అన్నది సార్" అన్నాడు పట్టాభి.

"యంత్రం గెజిటెడ్ అధికారా?"

"కాదు సార్."

"మరి దాని ధ్రువీకరణ ఎలా చెల్లుతుంది? అసలు ఏ ప్రాతిపదికన అన్నదో పరిశీలించండి."

పట్టాభి తెర మీద చదివాడు. "వీటి మీద వేరే ఏ ప్యాకేజీ ఆధారపడి లేదట సార్. ఎవరూ ఆధారపడనిది అనవసరం, అని దాని లెక్క."

త్రివిక్రమరావు ముఖం వెలిగింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన సూత్రం ఆయన వినలేదు. "అద్భుతం. అయితే ఈ సూత్రాన్ని పక్షపాతం లేకుండా అన్నిటికీ వర్తింపజేయండి. ఎవరూ ఆధారపడనివి ఈ యంత్రంలో ఇంకా ఏమైనా ఉన్నాయా?"

పట్టాభి జాబితా పైనుంచి కిందికి చదువుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. "ఉంది సార్. అంచుశిల్పి."

"ఏమిటీ?"

"దాని మీద ఒక్క ప్యాకేజీ కూడా ఆధారపడి లేదు సార్. అదే బోలెడు ప్యాకేజీల మీద పడి బతుకుతోంది."

స్తంభం దగ్గర మేక నమలడం ఆపింది.

"అయ్యా" అన్నాడు సోమలింగం, "దాని మీద ఆధారపడింది నేను."

"మీరు ప్యాకేజీ కాదు గదా" అన్నాడు త్రివిక్రమరావు చాలా సౌమ్యంగా.

"వీధి మొత్తం ఆధారపడి ఉంది సార్!" అన్నాడు గోవర్ధనం. "అది గీస్తేనే అట్టలు, అట్టలుంటేనే మగ్గాలు!"

త్రివిక్రమరావు పట్టాభి వైపు చూశాడు. పట్టాభి జాబితా మళ్ళీ మొదట్నుంచీ చూసి తల అడ్డంగా ఊపాడు. "జాబితాలో వీధి లేదు సార్."

తీర్మానం అక్కడే రాశారు. ఆ పాత ప్యాకేజీలు ఎవరినీ ఏమీ అడగకుండా ఒక మూల పడి ఉన్నాయి. వాడకం లేదు గనక తరుగు లేదు. తరుగు లేదు గనక ఉత్తమ స్థితిలో ఉన్నాయి. కాబట్టి వాటిని యథాతథంగా పరిరక్షించాలి. అంచుశిల్పి రోజూ వాడకంలో ఉండి అరిగిపోయింది, పైగా మొన్న కరెంటు పోతే పడిపోయింది, పైగా ఇతరుల మీద ఆధారపడి ఉంది. కాబట్టి దాన్ని అదనపు సరుకుగా తేల్చి, బహిరంగ వేలంలో వదిలించుకోవాలి. కొన్నవారు సరుకును, దానికి జోడించి ఉన్న సమస్తంతో సహా, సొంత ఖర్చుతో తరలించుకుపోవాలి.

ఆ పూట సోమలింగం అన్నం దగ్గర కూర్చుని ముద్ద కలిపి అట్టే ఉండిపోయాడు.

"పోయిందే నాంచారీ. పౌర్ణమి దగ్గరికొచ్చింది. ఆ మలుపు ఇప్పుడు మొదట్నుంచీ గళ్ళ కాగితం మీద గియ్యాలంటే నా కళ్ళకి గడికీ గడికీ తేడా తెలీదు. వీధికి ఏం మొహం చూపించను?"

"ముందు ముద్ద మింగు" అంది నాంచారమ్మ. "జోడించి ఉన్న సమస్తంతో సహా అని చదివాడు గదా ఆయన. దాంతో గీసిన బొమ్మ దానికి జోడించి ఉన్నట్టా, లేనట్టా?"

సోమలింగం తలెత్తి పెళ్ళాం వంక చూశాడు.

"ఉన్నట్టే."

"మరింకేం. మజ్జిగ పోసుకో."

వేలం నాడు ఊళ్ళో టముకు వేయించారు. జనం బాగానే వచ్చారు. కొనడానికి వచ్చింది మాత్రం ఇద్దరే: నాంచారమ్మ, పాత ఇనుము కొట్టు మస్తాను. ఆ జిల్లాలో సర్కారు ఏది వేలం వేసినా మస్తాను ఉంటాడు. విరిగిన జీపులు, తుప్పు గేట్లు, బోరింగు గొట్టాలు అన్నీ అతని కొట్టులోంచే మోక్షానికి పోతాయి.

"బరువెంత సార్?" అన్నాడు.

"బరువు లేదు" అన్నాడు పట్టాభి.

"అయితే లారీ అక్కర్లేదు. సరుకు చూపించండి."

పట్టాభి 'అంచుశిల్పి' అని రాసిన చీటీ చూపించాడు. మస్తాను జేబులోంచి అయస్కాంతం తీసి చీటీకి ఆనించాడు. అంటలేదు. అతని కళ్ళు మెరిశాయి.

"అంటలేదంటే ఇనుము కాదు. రాగే!"

"అది కాగితం మస్తానూ" అన్నాడు గోవర్ధనం.

"నాకు చెప్పబాకు బాబాయ్. సర్కారోళ్ళు అరుగు మీద కుర్చీలేసుకుని, లక్క సీళ్ళేసి అమ్ముతున్నారంటే అడుగున రాగి లేకుండా ఉండదు."

పాట మొదలైంది. నాంచారమ్మ కొంగుముడి విప్పుకుని ఒక మాట పాడింది. మస్తాను దాని మీద పాడాడు. ఆవిడ ఇంకొంచెం ఎక్కింది. మస్తాను బీడీ నోట్లోంచి తీయకుండానే దాన్ని రెట్టింపు చేశాడు. సోమలింగం గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఆ కొంగుముడిలో ఎంతుందో ఆయనకి తెలుసు. అయిపోవచ్చింది. "ఒకటోసారి" అన్నాడు పట్టాభి. "రెండోసారి..."

"ఉండండయ్యా" అంది నాంచారమ్మ. "నాకో సందేహం. డైరెట్రు గారూ, జోడించి ఉన్న సమస్తంతో సహా తీసుకుపోవాలన్నారు గదా. మరి ఈయన సంగతేంది?" అని మొగుణ్ణి ముందుకి తోసింది.

త్రివిక్రమరావు కళ్ళజోడు సర్దుకున్నాడు. "అంటే?"

"మీ పథకం కాగితంలో అంచుశిల్పికి వినియోగదారుడిగా ఈయన్నే గదండీ జోడించింది? ఈయన సంతకం లేకపోతే అది మా గడప తొక్కేది కూడా కాదు. సరుకు మస్తానుకి పోతే ఈయన ఎవరికి పోవాలి?"

త్రివిక్రమరావు పట్టాభి చెవిలో, పట్టాభి త్రివిక్రమరావు చెవిలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆఖరికి అధ్యక్షుడు లేచి ప్రకటించాడు.

"లేవనెత్తిన అంశం నిబంధనల పరిధిలో సమంజసంగా ఉన్నది. జోడింపును విడదీసే అధికారం కమిటీకి లేదు. వినియోగదారుడు సరుకుతో పాటు సంక్రమిస్తాడు."

"విన్నావా మస్తానూ" అంది నాంచారమ్మ. "తీసుకుపో తండ్రీ, నాకూ కాస్త ఊపిరాడుద్ది. పొద్దున్నే వేణ్ణీళ్ళు కావాల. రెండు పూటలా కూర ఉండాల, అందులో చింతపండు ఎక్కువైతే గ్యాసు. మధ్యాన్నం కునుకు తీస్తాడు, అప్పుడు కొట్టులో ఇనుము కొట్టబాకు, లేస్తే సణుగుతాడు. కళ్ళలో చుక్కల మందు..."

"ఏందమ్మా ఇది!" మస్తాను నోట్లోంచి బీడీ జారిపోయింది. సోమలింగాన్ని కింద నుంచి పైకి ఓసారి చూశాడు. "ఈయన్ని నేనేం చేసుకోను? తూకానికి కూడా రాడు!"

"అయ్యా, నేనేమన్నా..." అని సోమలింగం ఏదో అనబోతే నాంచారమ్మ మోచేత్తో పొడిచింది.

మస్తాను అయస్కాంతం జేబులో వేసుకుని మోటర్‌సైకిలెక్కాడు. సరుకు నాంచారమ్మ పేరున కొట్టేశారు.

అప్పగింత మాత్రం ఘనంగా జరిగింది. పట్టాభి పంచనామా రాసి ముందు పొలుసు అంచు బొమ్మని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. తర్వాత అంచుశిల్పిని తీసేయమని ప్యాకేజీ మేనేజర్‌కి చెప్పి లక్క సీలు పగలగొడితే, త్రివిక్రమరావు స్వయంగా ఎంటర్ నొక్కాడు. అంచుశిల్పి కంప్యూటర్లోంచి వెళ్ళిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగకముందే తెర మీద కొత్త ప్రశ్న వచ్చింది. పెళ్ళికొడుకే వెళ్ళిపోయాక చుట్టాలకి విడిదింట్లో ఏం పని? అంచుశిల్పి కోసం దిగిన ప్యాకేజీల అవసరం ఇక లేదు, తీసేయమంటారా అని ప్యాకేజీ మేనేజర్ మర్యాదగా అడుగుతోంది. కింద పేర్లు. పట్టాభి కిందికి జరుపుతూ పోయాడు. పేర్లు వస్తూనే ఉన్నాయి. ఒక తెర నిండింది, ఇంకో తెర నిండింది, పట్టాభి వేలు నొప్పిపుట్టి చెయ్యి మార్చాడు.

త్రివిక్రమరావు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"పట్టాభీ, మన కమిటీ గడువు ఎప్పటిదాకా?"

"ఈ సాయంత్రంతో ముగుస్తుంది సార్."

"ముగియదు" అన్నాడు త్రివిక్రమరావు. "ఎంటర్‌కి సీలు వేయండి."

నాంచారమ్మ ఆ సంబరం చూడ్డానికి ఆగలేదు. ఒక చేత్తో పెన్‌డ్రైవ్, ఇంకో చేత్తో మొగుడి రెక్క పట్టుకుని బస్టాండు దగ్గరున్న ఫ్లెక్సీల కొట్టుకి నడిచింది. ఆ కొట్టాయన పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలో ఎవరి నవ్వో సరిచేస్తూ, పక్కనున్న కంప్యూటర్ చూపించాడు. దాంట్లో ప్యాకేజీ మేనేజర్‌ని అడిగితే అంచుశిల్పి టీ తాగేలోగా దిగింది. మధ్యలో ఫలానా పాతవి తీసేయనా అని అడిగితే కొట్టాయన తల తిప్పకుండానే ఎంటర్ కొట్టాడు.

సోమలింగం ఆ శబ్దానికి ఉలిక్కిపడ్డాడు. ఏమీ కాలేదు.

"నాంచారీ, ఇది ఇక్కడ ఊరికే వచ్చిందే. నువ్వేమో కొంగుముడి ఊడ్చి పెట్టావు."

"నేను కొన్నది దాన్ని కాదయ్యా, నీ బొమ్మని" అంది నాంచారమ్మ. "గియ్యి ఇంక. చుక్కల మందు వేసుకున్నావా?"

రెండు వందల తలకాయలు నవ్వుతున్న ఫ్లెక్సీల మధ్య కూర్చుని సోమలింగం కొంగు మలుపు పూర్తి చేశాడు. పొలుసు మీద పొలుసు వాలి, మలుపు దగ్గర చేప ఒళ్ళు తిప్పినట్టు అంచు తిరిగింది. అక్కడికే వచ్చి కాచుకున్న గోవర్ధనం అచ్చయిన కాగితం లాక్కున్నంత పని చేసి అట్టలు కొట్టేచోటికి పరుగెత్తాడు. పౌర్ణమి ఇంకా అవతలే ఉంది.

ఈలోగా ఇంటి ముందుగదిలో బల్లలు దిగాయి. కమిటీ కాస్తా శాశ్వత విభాగమైంది. యంత్రాన్ని కదిలిస్తే లోపలి సొత్తు చెదిరిపోతుందని, యంత్రం ఉన్నచోటే ఆఫీసు పెట్టారు. త్రివిక్రమరావు డైరెక్టరయ్యాడు. గోడ మీద అంచుశిల్పి ఫోటో లేదు గానీ, అది వదిలిపెట్టిపోయిన ప్యాకేజీల పటం ఒకటి అద్దం కట్టించి తగిలించారు. గుమాస్తాలు వాటికి చీటీలు రాస్తుంటారు. మేకలు రాకుండా వాకిలికి తడిక కట్టారు. సోమలింగం, నాంచారమ్మ పెరటి గుమ్మంలోంచి తిరుగుతున్నారు.

ఒకనాటి పొద్దున అట్టలు మగ్గాలెక్కాయి. ముందు వీధి చివర ఒక మగ్గం మొదలైంది. పక్కది అందుకుంది. కాసేపటికి ఈ కొస నుంచి ఆ కొసదాకా ఇళ్ళన్నీ టకటకమని ఒకే దరువులో పడ్డాయి. సోమలింగం పెరట్లో పళ్ళు తోముకుంటున్నవాడు పుల్ల నోట్లో అట్టే ఉంచుకుని వింటూ నిలబడ్డాడు. నాంచారమ్మ చేటలో బియ్యం ఆపి ఆయన ముఖం చూసి నవ్వింది.

ముందుగది కిటికీ తెరుచుకుంది. త్రివిక్రమరావు తల బయటపెట్టాడు.

"ఏమమ్మా, ఏమిటా చప్పుడు?"

"మగ్గాలండీ."

"ఆపించండమ్మా కాస్త. లోపల చేనేత అభివృద్ధి పని జరుగుతోంది."